సిరాతో రాసినవి, పెన్సిల్‌తో రాసినవి

పోయిన మంగళవారం పొద్దున్న మ్యూజియం అక్క మేనకోడలు ఫోన్ చేసింది. "అంకుల్, అత్తయ్య పోయింది. నిద్రలోనే. ఈవెనింగ్ ఫోర్‌కి ఫ్యూనరల్. కెన్ కమ్ ఆ?" వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి డైరీ తీశాను. ఏ విషయమైనా జరిగిన గంటలోపే రాసుకోవడం నా అలవాటు. "అక్క పోయింది. ఇక నన్నా మాట అడిగేవాళ్ళు లేరు" అని రాశాను. రాశాక చదువుకుంటే ఆ రెండో వాక్యంలో కొంత ఊరట కనిపించింది. నాకు భయం వేసింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. అచ్చులో పేరు చూసుకోవడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. ఇరవై ఏళ్ళు శ్రమపడ్డ మ్యూజియం కేటలాగులో కూడా ఎక్కడా వేయించుకోలేదు. ఆ మ్యూజియం పేరూ రాయను. అది ఒక ధనవంతుడి సొంత మ్యూజియం, ఇప్పుడు లేదు.

నేను సింగపూర్ వచ్చేనాటికి నాకు యాభై దాటాయి. అప్పట్లో విమానం దిగిన ప్రతి రెండో తెలుగువాడూ ప్రోగ్రామరే. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం ఒకవైపు, ప్రతి దుకాణానికీ వెబ్‌సైటు ఉండాలన్న వెర్రి ఇంకోవైపు. పాయా లేబర్‌లోని మా ఆఫీసులో కుర్రవాళ్ళంతా బ్యాంకుల పనికి ఎగబడ్డారు. మ్యూజియం పని ఎవరికీ అక్కర్లేకపోయింది. "అంకుల్‌కి ఓపిక ఎక్కువ" అని నాకిచ్చారు. బీరువాల నిండా ఉన్న కార్డులను కంప్యూటర్లోకి ఎక్కించాలి.

మ్యూజియం అడుగు అంతస్తులో, చలిగా ఉండే ఒక గదిలో ఆమె కూర్చునేది. నేత చీర, దాని మీద మగవాళ్ళ ఉన్ని స్వెటర్. నా విజిటింగ్ కార్డు ఇస్తే తీసుకుని మొదట వెనకవైపు చూసింది. తరవాత తిప్పి నా పేరు చదివి, "ఎనకాల ఏటీ నేదు" అంది.

"మీరు తెలుగువాళ్ళా?"

"మా తాత సిక్కోలు పక్కనుంచి రబ్బరు తోటకి వచ్చేడు. నాను మాత్రం ఆ ఊరు సూడనేదు. నా తెలుగు సరిగ్గుండదు తమ్ముడూ, నవ్వుకో. మకన్ అయ్యిందా?"

మకన్ అంటే భోజనం. ఆమె మాటల్లో మలయ్, అరవం, మా వాళ్ళు మరిచిపోయిన పాత తెలుగు మాటలు కలిసి ఉండేవి. నెల తిరిగేసరికి నేను అక్కా అనడం మొదలుపెట్టాను.

ఆమె ఏ వస్తువునైనా మొదట వెనకనుంచి చూసేది. పళ్ళెం, పుస్తకం, ఫోటో, ఏదైనా. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చింది. మా ఆవిడ స్టీలు గ్లాసుతో మంచినీళ్ళిస్తే, తాగేసి గ్లాసు బోర్లించి అడుగున కొట్టించిన పేరు చదివింది. చదవడం అంటే తెలుగు అక్షరాలు రావు, నా చేత చదివించుకుంది. తరవాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది. ఒక గిన్నె మీద మా ఇద్దరి కుటుంబాలకీ సంబంధం లేని పేరుంది.

"ఇదెవరిదే మరదలా?"

మా ఆవిడ మొహం ఎర్రబడింది. "విజయవాడలో పక్కింటివాళ్ళది వదినగారూ. పులుసు పోసి పంపించారు. ఇచ్చేద్దామనుకునేలోపు వాళ్ళు బదిలీ అయిపోయారు."

"దొంగ సొత్తే" అని అక్క నవ్వింది. మేమూ నవ్వాం. నవ్వు ఆగాక ఆ గిన్నె అరచేతిలో పెట్టుకుని అంది: "మీరు ఇచ్చినోళ్ళ పేరు కొట్టిస్తారు. జపానోళ్ళు సేసినోళ్ళ పేరు కొట్టిస్తారు. ఎవుల దగ్గర లాక్కున్నారో ఆ పేరు మాత్రం ఎవులూ కొట్టించరు. నా పని అదే."

ఆమె పని నిజంగా అదే. ఆ మ్యూజియంలో ఉన్నవి రెండు మూడు వందల ఏళ్ళ కిందటి, జపాను ఎడో కాలం నాటి లోహపు పనులు. ఇనప కెటిళ్ళు, కంచు ధూపపాత్రలు, అన్నిటికంటే ఎక్కువగా కత్తి కవచాలు. కవచమంటే కత్తి పిడికీ అలుగుకీ మధ్య చేతికి అడ్డుగా ఉండే గుండ్రటి బిళ్ళ. అరచేతిలో పడుతుంది. మధ్యలో అలుగు దూరడానికి సందు, చుట్టూ ఇనుములో బంగారం, రాగి పొదిగి పువ్వులో పక్షులో చెక్కి ఉంటాయి. సమురాయిలు కత్తి కట్టుకోకూడదని చట్టం వచ్చాక కత్తుల నుంచి వీటిని ఊడదీసి బుట్టల్లో పోసి అమ్మారట. అక్కడి నుంచి ఒక్కో బిళ్ళ ఎన్ని చేతులు మారి ఈ గదికి వచ్చిందో వెతకడం ఆమె ఉద్యోగం. పాత దుకాణాల చీటీలు, ఓడల జాబితాలు, పెట్టెల మూతల మీద రాతలు, ముసలి వ్యాపారుల కబుర్లు, అన్నీ పోగుచేసేది.

ఒక్కో వస్తువుకు ఒక్కో కార్డు. ఆ కార్డుల మీద ఆమెకు రెండు నియమాలుండేవి. కాగితమో గుర్తో కళ్ళారా చూసినదైతే సిరాతో రాయాలి. ఎవరో చెప్పినదైతే పెన్సిల్‌తో రాయాలి. అది మొదటిది. రెండోది, రాసింది తప్పని తేలితే రాసినవాళ్ళే ఒక గీతతో కొట్టేసి పక్కన తమ పొడి అక్షరాలు పెట్టాలి. ఒకళ్ళ రాతను ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు.

మా ప్రోగ్రాం మొదటిసారి చూపించిన రోజు ఆమె ఇద్దరు టైపిస్టు అమ్మాయిల వెనక నిలబడి తెర వైపు చాలాసేపు చూసింది. కార్డు మీద ఉన్నదంతా ఒక్క అక్షరం పోకుండా తెర మీద ఉంది. నాకు గర్వంగానే ఉంది.

"ఇందులో పెన్సిలేదీ?" అంది.

అమ్మాయిల్లో ఒకతె కిసుక్కుమంది. నేను ఆలోచించకుండానే జవాబు చెప్పాను. "రెండో దశలో దానికొక గడి పెడదాం అక్కా. ఇప్పుడు టైము లేదు."

"రెండో దశ ఎప్పుడు?"

"వచ్చే ఏడాది."

"సరి" అంది. తన పుస్తకంలో ఆ మాట రాసుకుంది. పెన్సిల్‌తో రాసుకుందని నేను చూశాను, చూసి నవ్వుకున్నాను కూడా.

వచ్చే ఏడాది రానే వచ్చింది. కంప్యూటర్లు ఆగలేదు. కొన్నాళ్ళకు డబ్బే ఆగింది. వెబ్‌సైట్ల కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి, రెండో దశ సంగతి అందరూ మరిచిపోయారు. మ్యూజియం డైరెక్టరు కార్డుల బీరువాల చోటు ఖాళీ చేయించాలన్నాడు. కార్డులెన్ని, కంప్యూటర్లో రికార్డులెన్ని అని రెండుసార్లు సరిచూశాను. సరిపోయాయి. "సమాచారం పూర్తిగా బదిలీ అయినది" అన్న కాగితం మీద సంతకం పెట్టాను.

కార్డుల పెట్టెలను లారీకి ఎక్కించే రోజున ఆమె దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆ లారీ తువాస్ వైపు, కాగితాన్ని ముక్కలు చేసే చోటికి వెళ్తుంది. ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

"సంతకం ఎవులు పెట్టేరు?"

"నేనే అక్కా."

ఆమె కోపగించుకోలేదు. లారీ మలుపు తిరిగేదాకా చూసి, "ఇది ఎక్కడో ఎవుల మీదో పడతాది, సూడు" అని, మెట్లు దిగి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది "పని ముగిసింది, వర్షం" అని మాత్రమే.

ఆరు నెలలు తిరక్కుండా పడింది.

మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టింది. లేబుళ్ళు, కేటలాగు అన్నీ మా కంప్యూటరు నుంచి నేరుగా అచ్చయ్యాయి. ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళేసరికి ఆమె గదిలో అరవై దాటిన ఒక చైనా ఆవిడ కూర్చుని ఉంది. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. తరవాత మేమిద్దరం ఆవిడను టీచరమ్మ అనే అనుకునేవాళ్ళం. ఆవిడ చేతిలో కేటలాగు, తెరిచిన పేజీలో ఒక ఇనప కవచం బొమ్మ. రెల్లు మీదుగా దిగుతున్న నాలుగు బాతులు, బంగారపు రెక్కలు. ఒక బాతుకు ఒక రెక్క లేదు.

"ఆ రెక్క నేనే పీకాను, హెయిర్‌పిన్‌తో. ఏడేళ్ళప్పుడు. మా నాన్న కొట్టారు" అంది టీచరమ్మ ఇంగ్లీషులో. ఆ బిళ్ళ వాళ్ళ నాన్న బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉండేదట. పక్కింటి జపాను పళ్ళ డాక్టరు యుద్ధానికి ముందు ఇచ్చి వెళ్ళిపోయాడట. నలభై రెండులో జపాను సైన్యం సింగపూర్‌ను పట్టుకున్న మొదటి రోజుల్లో చైనా మగవాళ్ళను పిలిచి వరుసల్లో నిలబెట్టారు. కొందరిని ఇళ్ళకు పంపారు, కొందరిని లారీలెక్కించారు. లారీలెక్కినవాళ్ళను కాల్చేశారని తరవాత తెలిసింది. వాళ్ళ నాన్న లారీలెక్కే వరుసలో పడ్డాడు. ఫిబ్రవరి నెలాఖరు. జేబులో ఆ బిళ్ళ ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో తెలియదు. ఆయన మళ్ళీ కనిపించలేదు. ఏటా ఆ తేదీకి తల్లి, తల్లి పోయాక కూతురు అగరొత్తులు వెలిగిస్తున్నారు.

కేటలాగులో బొమ్మ కింద ఒక వాక్యం ఉంది: అదే ఏడాది ఆగస్టులో యజమాని స్వయంగా దుకాణదారుకు అమ్మినది.

"నాకు ఆ ఇనుము వద్దు" అంది టీచరమ్మ. "ఆగస్టులో మా నాన్న బతికి ఉన్నాడా, లేడా? అది చెప్పండి చాలు."

బతికి ఉంటే, ఆరు నెలలు ఊళ్ళోనే ఉండి ఇంటికి రాలేదన్నమాట. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

అక్క నెమ్మదిగా చెప్పింది. ఆ మాట దుకాణం ముసలాయన నోటితో అన్నదని, తాను కాగితమేదీ చూడలేదని, కార్డు మీద పెన్సిల్‌తో రాశానని, ఆ కార్డు ఇప్పుడు లేదని. దొంగసొత్తు కాదని అనిపించుకోవడానికి దుకాణాలవాళ్ళు అలా చెప్పడం కద్దని కూడా చెప్పింది.

"అయితే అబద్ధమా?"

"తెలియదు."

"అవునో కాదో చెప్పండి."

"తెలియదు మేడమ్. తెలియదనే చెప్పగలను."

"అచ్చు వేశారు కదా. ఇంత పెద్ద పుస్తకంలో తెలియకుండానే వేస్తారా?" టీచరమ్మ నా వైపు తిరిగింది. "కంప్యూటర్ నీదేనట కదా. నువ్వు చెప్పు."

ఆవిడ వేళ్ళు ఆ పేజీ అంచును మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. నేను అన్నాను: "టైపింగ్‌లో పొరపాటు జరిగింది మేడమ్. మీ నాన్నగారు అమ్మలేదు."

ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుని థాంక్యూ చెప్పింది. అక్కకు చెప్పలేదు. వెళ్ళేముందు తన చిరునామా, పోల్చుకోవడానికని తెచ్చిన తండ్రి సంతకం ఉన్న స్కూలు ఉత్తరం నకలు బల్ల మీదే వదిలేసింది. ఇక వాటితో అవసరం లేదనుకుంది.

తలుపు మూసుకున్నాక అక్క అంది: "మొదటిపాలి తెలీక రాసేవు తమ్ముడూ. ఇప్పుడు తెలిసి రాసేవు."

"ఆవిడ మొహం చూశారా అక్కా?"

"సూసేను. అందుకే తెలీదన్నాను."

లేబుల్ తీసేశారు. పుస్తకాలు అప్పటికే జనంలోకి వెళ్ళిపోయాయి. కొన్నేళ్ళకు ఆ మ్యూజియం మూతపడింది. కవచాలు వేలంలో తలో దేశానికీ పోయాయి. అక్క రిటైరయింది. నేను ఇంకో రెండు కంపెనీలు మారి రిటైరయి, హౌగాంగ్‌లో స్థిరపడ్డాను. టీచరమ్మ ఫ్లాటు మా బ్లాకుకు రెండు బస్సు స్టాపుల దూరం. అది తెలిసే తీసుకున్నానా అని మా ఆవిడ అడిగింది. కాదు, కానీ తెలిశాక ఆ వైపు మార్కెట్‌కు వెళ్ళడం మానేశాను.

అక్క మాత్రం పని మానలేదు. ఆ దుకాణం ముసలాయన మనవడిని ఎలాగో పట్టుకుంది. గేలాంగ్‌లో ఒక గోడౌన్ నిండా తాత నాటి పుస్తకాలు ఉన్నాయట. ప్రతి బుధవారం వెళ్ళి అక్కడ నేల మీద కూర్చునేది. చైనీసు అక్షరం ఒక్కటి రాదు. "బొమ్మలు సూస్తన్నాను" అనేది. ఆ దుకాణంలో కవచం కొన్నప్పుడల్లా దాని మీద పల్చటి కాగితం పరిచి మసితో రుద్ది ముద్ర తీసుకునేవారు. అమ్మినవాడు ఆ ముద్ర మీదే సంతకం పెట్టాలి. అలాంటి ముద్రల కోసం ఆమె కొన్నేళ్ళపాటు పేజీలు తిప్పింది. తుమ్ములు, దగ్గు, కళ్ళకు ఆపరేషన్. బుధవారం మాత్రం తప్పలేదు.

"ఎందుకక్కా ఇదంతా? ఆవిడ మరిచిపోయి సుఖంగా ఉంది" అన్నాను ఒకసారి.

"సుఖంగా ఉండనీ. నాకు తెలియాల."

రెండేళ్ళ క్రితం ఒక బుధవారం సాయంత్రం నన్ను తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు రమ్మంది. ఇక్కడి అలవాటు ప్రకారం బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు కుర్చీ పట్టి ఉంచింది. టీ వచ్చాక సంచిలోంచి ఒక నకలు తీసింది. నల్లటి గుండ్రం, మధ్యలో అలుగు సందు, తెల్లగా రెల్లు, నాలుగు బాతులు. ఒక రెక్క చోట ఖాళీ. వాటి మీదుగా కుంచెతో ఒక సంతకం. పక్కన ఆగస్టు నెల తేదీ. దాని పక్కనే స్కూలు ఉత్తరం నకలు పెట్టింది. నాకు చైనీసు రాదు, అయినా చివర పైకి విసిరిన గీత రెండిట్లోనూ ఒకటేనని చూడగానే తెలిసింది.

"సదివినోళ్ళు ఇద్దరికి సూపించేను. ఒకటే సెయ్యి" అంది అక్క. "ఇప్పుడిది సిరా."

నేను టీ కప్పును నకళ్ళకు దూరంగా జరిపాను.

"మరి ఇంటికెందుకు రాలేదక్కా ఆయన?"

"తెలీదు. అది పెన్సిల్‌తో కూడా రాయనేను." రెండు నకళ్ళూ నా వైపు జరిపింది. "ఎల్లి సెప్పు."

"నేనా?"

"అమ్మనేదని సెప్పింది నువ్వే కదేటి. నీ రాత నువ్వే కొట్టాల. నాను ముట్టను."

మరుసటి వారం వెళ్ళాను. టీచరమ్మ నన్ను గుర్తుపట్టి సంతోషించింది. నారింజ పళ్ళు పెట్టింది. గోడకు తండ్రి ఫోటో, ముందు బూడిద రాలిన అగరొత్తులు. "ఆ రోజు నువ్వు ఆ మాట చెప్పినప్పటి నుంచీ నిద్ర పడుతోంది" అంది. నారింజ తిన్నాను. ఆరోగ్యం గురించి అడిగాను. సంచి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుని, లేచి వచ్చేశాను.

ఆనాటి నుంచి అక్క ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "మకన్ అయ్యిందా? మోకాలెలాగుంది? సెప్పినావా?"

"ఇంకా లేదక్కా."

"సరి."

అంతే. తిట్టలేదు, ఎందుకని అడగలేదు, గడువూ పెట్టలేదు. ఆదివారం పొద్దున్న ఫోన్ మోగితే మా ఆవిడ నా మొహం చూసి తానే ఎత్తేది. ఆమెతో కూడా అక్క అదే అడిగేది. "మీ ఆయన సెప్పేడా మరదలా?" డైరీల్లో రెండేళ్ళ ఆదివారాలు తిరగేస్తే వాన, మందులు, పిల్లల కబుర్ల మధ్య "చెప్పలేదు" అన్న మాట వరసగా కనిపిస్తుంది. చివరి నెలల్లో ఆమె గొంతు పోయింది, గాలి మాత్రమే వచ్చేది. ఆ గాలితోనే అడిగేది.

దహనం దగ్గర పెద్దగా జనం లేరు. మేనకోడలి కుటుంబం, మేమిద్దరం, దుకాణం ముసలాయన మనవడు. అతను నా పక్కన నిలబడి, "ఆంటీ మా తాత పుస్తకాలన్నీ చివరిదాకా చూసింది అంకుల్. ఆ ముద్ర దొరికాక కూడా వచ్చేది. ఆ బాతుల బిళ్ళ అమ్మినాయన మళ్ళీ ఎక్కడైనా సంతకం పెట్టాడేమోనని" అన్నాడు. నాకు ఆ సంగతి తెలియదు. దొరికిందా అని అడిగాను. లేదన్నాడు.

శుక్రవారం టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటాయి, చేతికర్రతో వచ్చి తలుపు తీసింది. స్వెటర్ వేసుకునే మేడమ్ పోయారని చెప్పాను.

"ఆమెకు నేనంటే ఇష్టం లేదు. అందుకే నాకు జవాబు చెప్పలేదు" అంది.

"కాదు మేడమ్. ఆమె చెప్పిందే సరైన జవాబు. నేను మీకు చెప్పింది నాకు తెలియకుండా చెప్పింది." సంచిలోంచి నకళ్ళు తీసి టీపాయ్ మీద పరిచాను. ముద్ర అంటే ఏమిటో, ఎక్కడ దొరికిందో, తేదీ ఏమిటో వరసగా చెప్పాను. అంతకుముందే పొద్దున్న కాగితం మీద రాసుకుని నాలుగుసార్లు చదువుకున్నాను.

ఆవిడ కళ్ళజోడు మార్చుకుంది. సంతకం మీద వేలు పెట్టి, అది రాసిన దారిలోనే మొదటి నుంచి చివరిదాకా కదిపింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

"ఆ దుకాణం ఎక్కడ ఉండేది?" అని అడిగింది.

వీధి పేరు చెప్పాను.

"మా ఇంటికి రెండు వీధుల అవతల" అంది. ఇంకా సంతకాన్నే చూస్తోంది. "ఆగస్టులో మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ ఏడాదంతా మా అమ్మ తలుపుకు గడియ పెట్టలేదు."